చేతివాటం

షువైఖ్‌లో ఈ రాత్రి దుమ్ము లేచింది.
కిటికీ అద్దం ఇటుకరంగు.
బయట నలభై ఒకటి. పెట్టె లోపల ఇరవై ఐదు,
అది వెంట్రుకవాసి కూడా కదలకూడదు.
అందుకే నాకు రాత్రి డ్యూటీ.
తలుపులు తీసేవాళ్ళుండరు, లిఫ్ట్ ఉలిక్కిపడదు.

సూది పది మైక్రోలీటర్లు వదులుతుంది.
తెర మీది గీత చటుక్కున వాలి
మెల్లగా లేస్తుంది,
కునికిపాటు పడ్డ తలలాగా.
నాలుగు నిమిషాలు ఆగాలి. మళ్ళీ చుక్క.
ఇరవై ఎనిమిది చుక్కలు.

ఏడు చక్కెర ముక్కలు చేయీ చేయీ పట్టుకు కూర్చున్న గుండ్రం,
సైక్లోడెక్స్‌ట్రిన్, అడుగులేని గ్లాసు.
దాని అంచుకి డాక్టర్ బదరియా ఒక కొక్కెం అతికించింది.
మూడు నెలల పని, చెంచాడు తెల్లపొడి.
అందులోకి ట్రిప్టోఫాన్ రావాలి.
వచ్చింది ఎడమదో కుడిదో
గ్లాసు పోల్చుకోవాలి.
నిన్న రాత్రి కుడిది. ఇవాళ ఎడమది.

ముందు లోపలున్న నీళ్ళు ఖాళీ చెయ్యాలి.
ఖైతాన్‌లో నేను అద్దెకున్న మంచం కూడా అంతే,
నేను సంచి దించేసరికి
ముందావిడ జుట్టుపిన్నులు ఇంకా దిండు కిందే ఉన్నాయి.
వెళ్ళిన నీళ్ళు విడిగా తిరిగాయో
బయటి నీళ్ళతో చెయ్యి కలిపాయో,
ఆ లెక్కా ఈ వేడిలోనే కలిసిపోతుంది.
యంత్రం విడదీసి చెప్పదు.

గాజుసామాన్లు కడగడానికి ఓబుళమ్మ వచ్చింది.
"రాత్రంతా ఏం జూస్తావమ్మా ఆ పెట్టెను?"
"అణువులకి చేతివాటం ఉంటుందక్కా, అది కొలుస్తున్నా."

ఫ్లాస్కు సింకులో పెట్టి
తడిచేతులతో అట్లాగే నిలబడింది.
"ఎవురికి చేతివాటం? ఏం పోయింది?
ఆ మాట అనొద్దు తల్లీ. సాల్మియాలో ఆ మాట మీదనే
నా సంచి దులిపించి పంపినారు.
గాజు మర్నాడు సోఫా సందులో దొరికిందంట."

నాకు కాసేపు నోరు పెగల్లేదు.
తర్వాత నా రెండు చేతులూ చాపాను.
వేళ్ళన్నీ ఉన్నాయి, ఎముకలన్నీ ఉన్నాయి,
అద్దంలో చూస్తే ఒకటి రెండోది.
ఒకదాని మీద ఒకటి పెడితే మాత్రం ఒదగవు.

"ఇంతేనా," అని సొరుగు లాగింది.
అన్నీ ఎడమచేతి రబ్బరు తొడుగులే, పదకొండు.
"కుడివే చినుగుతాయి ఎప్పుడూ."
ఒకదాన్ని లోపలిది బయటికి తిరగేసి
కుడిచేతికి ఎక్కించుకుంది.
నూగునూగు అస్తరు పైకొచ్చింది.
వేళ్ళు వేళ్ళలోకి సరిగ్గా దిగాయి.
"పని జరిగిపోతాది. కాకుంటే నీళ్ళు పీలుస్తాది."

రెండున్నరకి గీతలన్నీ లెక్కకొచ్చాయి.
ఎడమది ఎక్కువ వేడి ఇచ్చింది.
గట్టిగా అతుక్కుంది, కదలిక పోగొట్టుకుంది.
కుడిది వదులుగా కూర్చుంది,
ఒళ్ళు మసలే చోటు ఉంచుకుని.
వేడిలో వచ్చిన లాభం కదలికలో పోయింది.
అన్నీ తీసేస్తే ఇద్దరికీ మధ్య మిగిలింది
అర కిలోజౌల్ కూడా లేదు.

ఓబుళమ్మకి ఇదెట్లా చెప్పాలో తెలియక
చెప్పేశాను ఉన్నదున్నట్టు.
బీకరు బోర్లిస్తూ వింది.
"ఆ ఇంట్లో నూటపది దినార్లు, గడప దాటనీరు.
ఈడ డెబ్బై ఐదు, శుక్రవారం నాది.
కూడి తీసేస్తే రెండూ ఒకటే. పిసరంత తేడా."
నీళ్ళు కట్టేసింది.
"ఆ పిసరు కోసమే వచ్చినా."

ఇంకొక్క పరుగు మిగిలింది.
గ్లాసులు లేని వట్టినీళ్ళలోకి
అవే ఇరవై ఎనిమిది చుక్కలు.
పట్టుకునేవాళ్ళు ఎవరూ లేనిచోట పడినా
చుక్కకి ఎంతోకొంత వేడి ఉంటుంది,
దాన్ని మొత్తంలోంచి తీసెయ్యాలి.

సూది దించాను.
ఓబుళమ్మ తడిసిన తొడుగుని మళ్ళీ ఎడమకి తిరగేసి
తీగ మీద ఆరేస్తోంది.